నొప్పి లేని పుండు

కాలుతున్న వాసన మొదట పసిగట్టింది చిన్నమ్మ. కెలమంగలంలో గోపాలప్ప పట్టునూలు కొట్టంలో ఆ పొద్దు నాలుగు బానల కింద పొయ్యిలు మండుతున్నాయి. సలసల కాగే నీళ్లలో పట్టుగూళ్లు తేలుతుంటే ఆడవాళ్లు వేళ్లతో పోగుల కొసలు పట్టి చరకాలకు అందిస్తున్నారు. ఆ కొట్టంలో వాసనలకు కొదవ లేదు. ఉడికిన పురుగు, తడి కట్టెల పొగ, మురిగిన నీళ్లు. కానీ ఇది వేరు. చిన్నమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవురి కోకో అంటుకున్నట్లుండాది, చూసుకోండమ్మా" అని కేకేసింది.

అందరూ కొంగులు చూసుకున్నారు. అంగాళమ్మ కూడా చూసుకుంది. ఆమె కోక బాగానే ఉంది. మళ్లీ బానలో వేళ్లు పెట్టబోతుండగా చిన్నమ్మ ఆమె కాలి వైపు చూసి నోరు తెరిచింది.

పొయ్యిలోంచి జారిన నిప్పుకణిక ఒకటి అంగాళమ్మ కుడికాలి బొటనవేలి కింద ఉంది. దాన్ని తొక్కుకొని ఆమె కూర్చుంది. ఎంతసేపటి నుంచో ఎవరికీ తెలియదు, ఆమెకు అసలే తెలియదు.

చిన్నమ్మ చెంబుడు నీళ్లు కుమ్మరించింది. సుయ్‌మని ఆవిరి లేచింది. అంగాళమ్మ కాలు ఒడిలోకి తీసుకొని చూసుకుంది. వేలి కింద నల్లగా మాడి, అంచుల్లో తెల్లగా ఉబ్బింది. గోటితో నొక్కి చూసింది. ఇంకెవరి కాలో నొక్కినట్లుంది.

"నొప్పి లేదా నీకు?" అంది చిన్నమ్మ.

"లేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ ఒక్క మాటే తర్వాత ఊరంతా తిరిగింది.

అది అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం. అంగాళమ్మకు అప్పటికి నలభై ఏడేళ్లు. ఆమె భర్త మునివెంకటప్ప వడ్రంగి. బండి చక్రాలు చేస్తాడు, నాగళ్లు చేస్తాడు, గోపాలప్ప కొట్టంలోని చరకాలు కూడా ఆయన చేసినవే. వాళ్లకు ఒక్కడే కొడుకు, గుర్రప్ప. లారీ క్లీనరుగా పోతూ ఏడేళ్ల కిందట జూజువాడి దగ్గర, వెనక్కి వస్తున్న ఇంకో లారీ కింద పడి చచ్చిపోయాడు. పంతొమ్మిదేళ్లవాడు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు అంగాళమ్మ ఏడవలేదు. ఏడుపు తర్వాత వస్తుందిలే అనుకున్నారు అమ్మలక్కలు. అది రాలేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి అరికాళ్లలో చీమలు పాకినట్లు ఉండేది. తర్వాత నడుస్తుంటే కంబళి మీద నడిచినట్లు. ఆ తర్వాత ఏమీ లేదు. చెప్పు జారిపోతే పదడుగులు పోయాక, వెనక నుంచి ఎవరో చెబితే చూసుకునేది. దాహం విపరీతంగా వేసేది, కొట్టంలో ఆవిరి అనుకుంది. ఒళ్లు చిక్కిపోయింది, కొడుకు దిగులు అనుకుంది. కాళ్లు మొద్దుబారడం కూడా ఆ దిగులులో భాగమే అనుకుంది. మనసు రాయైనప్పుడు కాళ్లు మాత్రం ఎందుకు మెత్తగా ఉంటాయని ఆమె లెక్క.

కాలిన పుండు మానలేదు. పసుపు పెట్టారు, ఆముదం పెట్టారు, ఏదో ఆకు నూరి కట్టారు. నెల దాటినా తడి ఆరలేదు. దానికి నొప్పి లేదు కాబట్టి అంగాళమ్మ గుడ్డ చుట్టుకొని కొట్టానికి పోతూనే ఉంది. ఒక పొద్దు పోయేసరికి చిన్నమ్మ తన పీటను రెండు బానల అవతలికి జరుపుకొని కూర్చుంది. పన్నెండేళ్లుగా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న మనుషులు.

"ఈడ పొగ తక్కువగా ఉండాది" అంది చిన్నమ్మ, ముఖం ఎత్తకుండా.

అంగాళమ్మకు అర్థమైంది. నొప్పి లేని పుండు ఏ రోగానికి వస్తుందో కెలమంగలంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాని పేరు ఎవరూ పలకరు, పెద్దరోగం అంటారు. వేళ్లు రాలిపోయి, చింకిగుడ్డలు చుట్టుకొని, సంత చివర తువ్వాలు పరుచుకొని కూర్చునేవాళ్ల రోగం.

మూడోనాడు గోపాలప్ప స్వయంగా వచ్చాడు. లోపలికి రాలేదు. వీధిలోనే నిలబడి, "కొన్నాళ్లు కొట్టానికి రావద్దమ్మా. నాకేం లేదు, ఆడోళ్లు బెదురుకుంటాండారు" అన్నాడు.

"సరే అప్పా" అంది అంగాళమ్మ.

ఆయన ఇంకా ఏదో వాదన వస్తుందని కాచుకొని ఉన్నట్లు కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

మునివెంకటప్ప ఆమెను ఏమీ అనలేదు. పొమ్మనలేదు. కంచం వేరే పెట్టమనీ అనలేదు. కానీ ఒక సాయంత్రం తన చాప చుట్టి బయట జగలి అరుగు మీద వేసుకున్నాడు. "లోపల ఉక్కగా ఉండాది" అన్నాడు. అప్పటికి వానలు పడి వారమైంది, గోడలన్నీ చల్లబడ్డాయి. ముప్పై ఏళ్ల కాపురం. అంగాళమ్మ గడపలో నిలబడి ఆయన చాప దులపడం చూసింది. తనకు బాధ కలగాలి కదా అనుకుంది. చేయి పెట్టి వెతికినట్లు లోపల వెతుక్కుంది. ఏమీ తగల్లేదు. పోయి కుండలో మిగిలిన సంగటి తినేసి పడుకుంది.

ఆకు మందులతో ఇంకో నెల గడిచింది. బొటనవేలు నల్లబడి ఎండిన అల్లనేరేడు పండులా అయింది. పక్కవేలు కూడా కొస నుంచి నల్లబడుతోంది. ఒక బుధవారం తెల్లవారి ఆమె స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి కోక కట్టుకొని బయల్దేరింది.

"యాడికి?" అన్నాడు మునివెంకటప్ప.

"క్రిష్ణగిరి ఆస్పత్రికి. అదే అయితే ఆడనే ఉంచుకొమ్మంటాను. ఈడ ఉండి ఏం చేసేది?"

ఆమె బస్సెక్కాక చూస్తే ఆయనా ఎక్కి, నాలుగు వరసల వెనక కూర్చొని ఉన్నాడు. హోసూరులో బస్సు మారినప్పుడూ అంతే, నాలుగు వరసల వెనక. శూలగిరి దాటాక ఒకసారి ఆమె తిరిగి చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు ముప్పై దాటిన మనిషి. తల్లిది డెంకణికోట కావడంతో ఆయనకు ఈ పక్క తెలుగు బాగా వచ్చు. కట్టు తానే విప్పాడు. ముక్కు మూసుకోలేదు, అది అంగాళమ్మ గమనించింది. కళ్లు మూసుకోమని, కోడి ఈకతో ఆమె కాళ్ల మీద అక్కడక్కడా రాశాడు.

"ఇప్పుడు తగిలిందా అమ్మా?"

"లేదు సామీ."

"ఇప్పుడు?"

"లేదు."

సూదితో గుచ్చినా తెలియలేదు. పిక్క సగం దాకా వచ్చాక గానీ ఆమె ఉలిక్కిపడలేదు. రెండు కాళ్లూ ఒకే మట్టానికి మొద్దుబారాయి, మేజోళ్లు తొడిగినట్లు. ఆయన ఆమె చెవి తమ్మెలు చూశాడు, మోచేతి వెనక నరం తడిమాడు, నర్సు చేత వీపు చూపించాడు.

"ఒంటి మీద మచ్చ ఒక్కటీ లేదు. నరం లావెక్కలేదు" అని తనలో తాను అనుకొని, ఆమెను అడిగాడు: "అమ్మా, నువ్వు నీళ్లకు పోయిన చోట చీమలు పడతాయా?"

మగవాడు అడగాల్సిన మాట కాదు. ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. "పడతాయి సామీ. ఎన్నో ఏండ్ల నుంచి."

ఒక గాజు గొట్టంలో నీలిరంగు మందు పోసి, ఆమె మూత్రం ఎనిమిది చుక్కలు అందులో వేసి, సారా దీపం మీద కాచారు. ఆమెను పక్కనే ఉండి చూడమన్నాడు డాక్టరు. నీలం ఆకుపచ్చగా మారింది. ఆకుపచ్చ పసుపైంది. చూస్తుండగానే గొట్టం అడుగున ఇటుక పొడి కలిపినట్లు ఎర్రగా ముద్దకట్టింది.

"ఇది పెద్దరోగం కాదమ్మా. చక్కెర జబ్బు."

"అది డబ్బున్నోళ్లకు వచ్చేది కదా సామీ? సంగటి తినేదాన్ని, నాకెట్ల వచ్చింది?"

"అది ఎవురినీ అడిగి రాదు."

పెద్దరోగం కాదన్న మాట వసారాలో నిలబడిన మునివెంకటప్పకు కూడా చెప్పారు. ఆయన స్తంభం పట్టుకొని, గొంతుక్కూర్చొని, పెద్దగా ఏడ్చాడు. పదిమంది చూస్తున్నారని కూడా లేదు. ఎందుకు ఏడుస్తున్నాడో అంగాళమ్మకు తెలుసు. కానీ దగ్గరికి పోవాలని అనిపించలేదు. బల్ల మీద కూర్చొని, నర్సు తన కాలికి కొత్త కట్టు కడుతుంటే చూస్తూ ఉంది.

పెద్దరోగం కాకపోయినా కాలు దక్కలేదు. చక్కెరకు సూదిమందు మొదలుపెట్టారు, రెండు వేళ్లు తీశారు. నలుపు ఆగలేదు, మడమ దాకా పాకింది. పదిహేనో రోజు డాక్టరు వచ్చి, మోకాలి కింద నుంచి కాలు తీసేయాలని చెప్పాడు. బతకాలంటే వేరే దారి లేదన్నాడు.

"తీసేయండి సామీ" అంది అంగాళమ్మ. ఆ కాలు తనది కాకుండా పోయి చాలా కాలమైంది.

తీసిన రెండో రోజు ఒక వింత జరిగింది. మధ్యాహ్నం గంజి తాగుతుండగా ఆమె కుడికాలి బొటనవేలు భగ్గున మండింది. లేని వేలు. కణిక ఇప్పుడే దాని కింద పెట్టినట్లు. ఆమె గిన్నె వదిలేసి దుప్పటి లాగి చూసింది. మోకాలి కింద కట్టు, ఆ తర్వాత మంచం, అంతే. కానీ వేలు మండుతూనే ఉంది, ఎముక దాకా. ఏడేళ్లలో మొదటి నొప్పి.

ఆమె గట్టిగా ఏడ్చింది. నర్సు పరుగెత్తుకొచ్చి, "నరం కోసినాక ఒక్కొక్కరికి ఇట్ల అవుతాది, తగ్గిపోతాదమ్మా" అంది. అంగాళమ్మ తల అడ్డంగా ఊపింది. ఎందుకు ఊపిందో నర్సుకు తెలియలేదు. ఆమె ఏడుస్తూ "గుర్రా, గుర్రా" అంది. మునివెంకటప్ప తలగడ దగ్గర నిలబడి విన్నాడు. కొడుకు పేరు ఆమె నోట విని ఏడేళ్లయింది. సాయంత్రానికి మంట తగ్గింది, ఏడుపూ తగ్గింది. మరుసటి రోజుకు ఆమె మళ్లీ ఎప్పటిలాగే ఉంది.

రెండు నెలల తర్వాత కర్రల సాయంతో మళ్లీ క్రిష్ణగిరికి పోయినప్పుడు డాక్టరు ఆమెను తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద సూక్ష్మదర్శిని ఉంది.

"తీసిన కాలి నుంచి చిన్న ముక్క ఒకటి బెంగళూరుకు పంపినాను. ఆడ నాకు తెలిసినాయన దాన్ని సన్నగా కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద అతికించి పంపినాడు. చూస్తావా?"

అంతవరకూ ఎవరూ ఆమెను అలా అడగలేదు. చూస్తానంది. వెంట వచ్చిన మునివెంకటప్ప ముక్కాలి పీట జరిపి, ఆమెను పట్టుకొని కూర్చోబెట్టాడు.

"ముందు ఇది చూడు. ఇది నీది కాదు. చెరుకు గానుగలో పడి కాలు పోయిన ఒక రైతుది. ఆయనకు చక్కెర జబ్బు లేదు."

ఒక కన్ను మూసి చూసింది. మొదట తన రెప్పవెంట్రుకలే కనిపించాయి. తర్వాత వెలుతురులో గులాబీరంగు మరకలు, వాటి మధ్య చిన్న చిన్న చక్రాలు.

"చక్రాలు ఏంది సామీ?"

"రక్తం పారే గొట్టాలు. అడ్డంగా కోసినందుకు చక్రాల మాదిరి కనిపిస్తాండాయి. వీటికన్నా సన్నవి ఇంకా ఉంటాయి, నువ్వు తీసే పట్టుపోగు కన్నా సన్నం. లోపల గోడకు కణాలు ఒకే వరస అతుక్కొని ఉంటాయి, నేల మీద బండలు పరిచినట్లు. ఆ కణాల కింద ఒక పొర ఉంటాది, మీగడ కన్నా పలచన. రక్తంలో ఉండే తిండి, గాలి ఆ పొరలోంచే బయటికి పోయి కండకు అందేది. సరే, ఇప్పుడు నీది చూడు."

పలక మార్చాడు. అవే చక్రాలు. కానీ గోడలు లావుగా, చిక్కటి ఎరుపులో, ఉంగరం మీద ఉంగరం తొడిగినట్లు ఉన్నాయి. నడిమి బెజ్జం కొన్నింటిలో సూదిమొనంత. కొన్నింటిలో అదీ లేదు.

"మూసుకుపోయినాయే" అంది.

"మూసుకుపోయినాయి. రక్తంలో చక్కెర ఎక్కువై ఏండ్ల కొద్దీ పారితే లోపలి కణాలు చెడతాయి. ఉబ్బుతాయి, లెక్క తప్పి పెరుగుతాయి. కింది పొర మందమవుతాది, పొర మీద పొర. బెజ్జం చిన్నదవుతా పోతాది. నరానికి తిండి పెట్టేది కూడా ఇట్లాంటి సన్న గొట్టాలే. అవి మూసుకుంటే నరం ఆకలికి చస్తాది. అది చచ్చినాక నిప్పు తొక్కినా నీకు చెప్పేవాళ్లు ఉండరు. పుండు పడితే మాన్పే రక్తం ఆడికి రాదు."

అంగాళమ్మ కన్ను తీయకుండానే ఆలోచించింది. "పట్టుగూటికి బంక ఉంటాది సామీ. పురుగు పోగుతో పాటు కక్కేది. బంక ఎక్కువై గట్టిపడితే ఎంత ఉడకేసినా పోగు కదలదు. అట్లనా?"

డాక్టరుకు పట్టుగూళ్ల సంగతి తెలియదు. ఆమె వివరంగా చెప్పింది. ఆయన విని, "అదీ ఇదీ ఒకటి కాదు గానీ, గట్టిపడిందనేది నిజమే" అన్నాడు.

"చక్కెర దాన్ని ఎట్ల మందం చేస్తాది?"

"అది ఇంకా ఎవురికీ సరిగ్గా తెలీదమ్మా. వేరే దేశాల్లో ఇంతకంటే పెద్ద యంత్రాలు పెట్టి చూస్తాండారు. మందమైంది కనిపిస్తాంది. ఎందుకనేది ఇంకా కనిపించలేదు."

"ఇది మొదలై ఎన్నేండ్లయి ఉంటాది?"

"ఏడెనిమిది కావచ్చు. ఇంకా ఎక్కువ కూడా కావచ్చు."

ఆమె కన్ను తీసి డాక్టరును చూసింది. "నా కొడుకు పోయినాక మొదలైంది సామీ, ఈ మొద్దుతనం. దిగులు వల్ల అనుకొంటిని."

ఆయన పలక తీసి గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టాడు. "దిగులు సంగతి నాకు తెలీదమ్మా. దాన్ని దీంట్లో పెట్టి చూసేదానికి లేదు. నాకు తెలిసింది నీ ఎడమకాలు. దాంట్లో కూడా ఇవే గొట్టాలు ఉండాయి. అది చెప్పదు కాబట్టి నువ్వు చూడాల. దినమూ చూడాల. వేళ్ల సందుల్లో, మడమ కింద. చేతులు కూడా ఇంక ఉడుకునీళ్లలో పెట్టొద్దు."

తిరుగు బస్సులో మునివెంకటప్ప ఆమె పక్క సీటులోనే కూర్చున్నాడు. డాక్టరు చెప్పిన దాంట్లో ఏది చక్కెరదో, ఏది గుర్రప్పదో విడదీయాలని ఆమె చూసింది. రాయకోట కొండ దూరంగా కనిపించేదాకా చూసి, మానేసింది.

ఇంటికి వచ్చాక ఆయన పాలకొయ్య తెచ్చాడు. బొమ్మలు చేసే తేలిక కొయ్య. ఆమె మోకాలి కింద దారంతో కొలిచి, కొలిచి, చెక్కి, ఆకురాయితో రుద్ది, లోపల దూది, మేకతోలు పెట్టి కాలు చేశాడు. మొదటిది పొట్టి అయింది. రెండోది బరువైంది. మూడోది నిలబడింది. సూదిమందు సీసా చల్లగా ఉండాలని తడి ఇసుక పోసిన కుండలో పెట్టి, గాజు సిరంజి, సూది ఉడకబెట్టి, పొడిచేది కూడా ఆయనే నేర్చుకున్నాడు. మొదట్లో ఆయన సూది పట్టుకొని వెనకాడేవాడు. "పొడువు, నాకేం తెలీదు" అనేది ఆమె. తొడలో తెలుస్తుంది, అయినా అలాగే అనేది.

పెద్దరోగం కాదని తెలిశాక గోపాలప్ప మళ్లీ వచ్చాడు, ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు. కొట్టానికి రమ్మన్నాడు. నూలు తీసే పని ఇంక చేయకూడదు కాబట్టి గూళ్లు ఏరే పని ఇచ్చాడు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల పురుగు గలగలమంటే మంచిది, లేకపోతే పక్కకు. పిల్లలు కూడా చేసే పని. నీళ్లలో పోగు కొస వేలికి తగలడం ఎలా ఉంటుందో ఆమెకు గుర్తొచ్చేది. చిన్నమ్మ తన పీట తెచ్చి పక్కన వేసుకుంది.

"తెలీక చేసినాను అక్కా" అంది.

"తెలుసుకొని ఎవురు చేస్తారు" అంది అంగాళమ్మ. కోపం లేదు. అలాగని మునుపటి చనువూ రాలేదు. ఇద్దరూ గూళ్లు ఆడించుకుంటూ కూర్చున్నారు.

ఒక సాయంత్రం మునివెంకటప్ప చాప చంకలో పెట్టుకొని గడప దగ్గర నిలబడ్డాడు.

"బయట చలిగా ఉండాది" అన్నాడు.

ఆమె ఆయన ముఖం చూసింది. ముసలివాడైపోయాడు. రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. దీపం కాస్త జరిపి చోటు చేసింది.

అప్పటి నుంచి పొద్దుగూకే వేళ ఆయన ఆమె ముందు కూర్చొని కట్టెకాలు విప్పేవాడు. మోకాలి కింద మొద్దును అన్ని వైపులా చూసి, తర్వాత ఎడమకాలు తొడ మీద పెట్టుకొని వేలు వేలూ విడదీసి చూసేవాడు. అరవై మూడో సంవత్సరం చలికాలంలో ఒకనాడు అలాగే చూస్తూ ఆగిపోయాడు. అరికాలిలో, మడమకు కొంచెం ముందు, తుమ్మముల్లు ఒకటి మొదలంటా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో. ఆ పొద్దంతా ఆమె దాని మీదే నడిచింది.

ఆయన పనిముట్ల సంచిలోంచి సన్న పట్టకారు తీసి, దీపం మీద కాల్చాడు. ఒక చేత్తో ఆమె పాదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆ చేయి తన కాలి మీద ఉందని అంగాళమ్మకు కళ్లతో చూస్తే తెలిసింది. గట్టి చేయి, గోళ్లలో రంపపు పొట్టు. చూపు పక్కకు తిప్పితే ఆ చేయి లేదు. మళ్లీ చూస్తే ఉంది.

ముల్లు వచ్చింది. దాని వెంట ఒక నెత్తుటి బొట్టు. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి, నొప్పి పుట్టిందా అని అడగబోయి, మానేశాడు.

"కొస విరిగి లోపలే ఉండాదేమో, ఇంకోసారి చూడు" అంది అంగాళమ్మ.

ఆయన దీపం దగ్గరికి లాక్కొని, మళ్లీ వంగాడు.